డిగ్రీ ఇంగ్లిష్‌లోనే, వ్యాపారం మాత్రం వాళ్ల భాషలో

డిసెంబర్ మధ్యలో సిడ్నీలోని ద పాండ్స్‌లో ఏ తెలుగింటి తలుపు తట్టినా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "వదినా, మీ వాడికి ఏటార్ ఎంతొచ్చింది?" పన్నెండో తరగతి హెచ్ఎస్‌సీ ఫలితాలూ, యూనివర్సిటీ సీట్లకు చూసే ఏటార్ ర్యాంకులూ వచ్చే రోజులవి. మార్కుల ముచ్చట అయిపోయాక మాట కోర్సుల మీదికి మళ్లుతుంది. మెడిసిన్, కంప్యూటర్స్, కామర్స్... కొన్ని ఇళ్లలో ఇప్పుడు ఇంకోటి కూడా వినిపిస్తోంది. "మా అమ్మాయి యూరప్ వెళ్లి ఇంటర్నేషనల్ బిజినెస్ చదువుతానంటోంది. భాషతో ఇబ్బందేం లేదట, అంతా ఇంగ్లిష్‌లోనేనట!"

వెళ్లనివ్వండి. ఆలోచన మంచిదే. ఆ చివరి మాట దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. ఇంగ్లిష్ వస్తే యూరప్‌లో సీటు దొరుకుతుంది. యూరప్ అర్థం కావడానికి అది చాలదు. ఈ సంగతి బయల్దేరకముందే తెలిసిన పిల్లలు మూడేళ్లనీ ఒక రకంగా వాడుకుంటారు. పట్టా చేతికొచ్చాక తెలుసుకున్నవాళ్లకు ఆ మూడేళ్లూ తిరిగి రావు.

తరగతి గది వరకూ ఇంగ్లిష్ నిజంగానే సరిపోతుంది. రోటర్‌డామ్‌లోని ఎరాస్మస్ విశ్వవిద్యాలయం, మాస్ట్రిక్ట్, గ్రోనింగెన్, కోపెన్‌హేగెన్ బిజినెస్ స్కూల్, మిలాన్‌లోని బొక్కోని: వీటన్నిటిలో బిజినెస్ బ్యాచిలర్ డిగ్రీని మొదటి పాఠం నుంచి చివరి పరీక్ష దాకా ఇంగ్లిష్‌లోనే పూర్తి చేయొచ్చు. 1999లో బొలోన్యా ప్రకటన మీద సంతకాలు చేసినప్పటి నుంచి యూరప్ దేశాలు తమ డిగ్రీలను ఒకే కొలతలోకి తెచ్చుకుంటూ వచ్చాయి. ఏడాదికి 60 క్రెడిట్లు, మూడేళ్లకు 180. ఒక దేశంలో చదివిన సెమిస్టర్‌ను ఇంకో దేశంలో లెక్కలోకి తీసుకుంటారు. విద్యార్థికి ఇంతకంటే సౌకర్యం ఏముంటుంది? కానీ ఆ సౌకర్యంలోనే మునిగిపోయి, మూడేళ్లూ విదేశీ విద్యార్థుల మధ్యే తిరిగి, పక్కింటి డచ్ ముసలావిడతో నాలుగు మాటలైనా మాట్లాడకుండా పట్టా పుచ్చుకుని వచ్చేయొచ్చు. అప్పుడు ఉద్యోగమిచ్చే కంపెనీ అడుగుతుంది: "మా కస్టమర్లతో మాట్లాడగలరా? మా చట్టాలు తెలుసా?" ఆ ప్రశ్నకు మార్కుల జాబితా జవాబు చెప్పదు.

దేశాన్ని చదవడం ఎంత ముఖ్యమో తెలియాలంటే మన హైదరాబాద్ కంపెనీల చరిత్రే చూడండి.

2006లో డాక్టర్ రెడ్డీస్ జర్మనీకి చెందిన బెటాఫార్మ్ కంపెనీని 48 కోట్ల యూరోలకు కొంది. అప్పటికి ఒక భారతీయ మందుల కంపెనీ విదేశంలో చేసిన అతి పెద్ద కొనుగోలు అదే. ఆగ్స్‌బర్గ్ కేంద్రంగా నడిచే బెటాఫార్మ్‌ది జర్మనీ జెనరిక్ మందుల మార్కెట్లో నాలుగో స్థానం. డాక్టర్లను కలిసి తమ మందుల గురించి చెప్పే ప్రతినిధుల బృందం దానికి పెద్ద బలం. ఇండియాలో తక్కువ ఖర్చుతో తయారుచేసి, జర్మనీలో ఆ పేరుతో అమ్మాలన్నది ఆలోచన. లెక్క బాగానే కుదిరింది.

ఆ లెక్కను అక్కడి చట్టం తలకిందులు చేసింది. జర్మనీలో దాదాపు 90 శాతం జనం చట్టబద్ధమైన ఆరోగ్య బీమా సంస్థల్లో సభ్యులు. 2006, 2007 సంస్కరణలతో ఆ సంస్థలు మందుల కంపెనీలతో నేరుగా బేరమాడి, తగ్గింపు ధరలకు ఒప్పందాలు చేసుకునే దారి బలపడింది. ఒప్పందం ఏ కంపెనీకి దక్కితే మందుల షాపు ఆ కంపెనీ మాత్రే ఇవ్వాలి. అంటే డాక్టర్ ఏ బ్రాండ్ రాశారన్న దానికి మునుపటి విలువ లేదు. ఆ డాక్టర్‌ని ఒప్పించిన ప్రతినిధికీ లేదు. ధరలు పడిపోయాయి. తర్వాతి ఏళ్లలో కంపెనీ తన ఖాతాల్లో బెటాఫార్మ్ విలువను పలుమార్లు తగ్గించి రాసుకోవలసి వచ్చింది.

ఇది అనుభవం లేనివాళ్లు చేసిన పని కాదు. అంజిరెడ్డిగారు 1984లో మొదలుపెట్టి, 2001 నాటికి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌ దాకా తీసుకెళ్లిన కంపెనీ అది. అంతటి సంస్థకే ఒక దేశపు ఆరోగ్య విధానం ఎటు తిరుగుతుందో పట్టుకోవడం కష్టమైంది. దీన్ని ఓటమి కథగా చదవకండి. ఇంటర్నేషనల్ బిజినెస్ అనే సబ్జెక్టులో అసలు పాఠం ఎక్కడుందో ఇది చూపిస్తుంది.

దీని పక్కనే ఇంకో హైదరాబాద్ కంపెనీని పెట్టి చూడండి. 2014లో అరబిందో ఫార్మా, పశ్చిమ యూరప్‌లోని 7 దేశాల్లో యాక్టవిస్ కంపెనీ నడుపుతున్న వ్యాపారాన్ని సుమారు 3 కోట్ల యూరోలకు తీసుకుంది. అది నష్టాల్లో ఉన్న వ్యాపారం. అందుకే అంత చవక. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్, బెల్జియం, జర్మనీ, నెదర్లాండ్స్: ఒక్కో దేశంలో మందుల ధర నిర్ణయించే పద్ధతి వేరు, షాపుకు చేరే దారి వేరు. ఆ దారులు తెలిసిన మనుషులూ, అక్కడి అనుమతులూ కొనుగోలుతో పాటే చేతికొచ్చాయి. తయారీని క్రమంగా ఇండియాకు మార్చుకుంటూ ఖర్చు తగ్గించుకుంది కంపెనీ. ఈ రెండు కొనుగోళ్లనూ పక్కపక్కన పెట్టి నాలుగు పేజీలు రాయగల విద్యార్థికి నేనైతే ఏ యూనివర్సిటీలోనైనా సీటిస్తాను. దరఖాస్తుతో పంపే వ్యాసంలో "చిన్నప్పటి నుంచీ నాకు బిజినెస్ అంటే ఇష్టం" అని రాయడం కంటే ఇలాంటి పోలిక ఒకటి రాయండి. మీరు ఎలా ఆలోచిస్తారో అవతలివాళ్లకు వెంటనే తెలుస్తుంది.

అలా ఆలోచించడం నేర్చుకోవడానికి విమానం ఎక్కనక్కర్లేదు. ద పాండ్స్ నుంచి కారులో కొద్ది నిమిషాలు వెళ్తే మార్స్‌డెన్ పార్క్‌లో ఐకియా ఉంది. 1943లో స్వీడన్‌లో పుట్టిన కంపెనీ. ఈసారి వెళ్లినప్పుడు సోఫాలు చూడటం కాసేపు ఆపి, ఒక నోట్‌బుక్ తీసుకెళ్లండి. ఏ వస్తువు ఎక్కడ తయారైంది, ధరలు ఏ అంకెతో ముగుస్తున్నాయి, రెస్టారెంట్‌లో ఏం పెడుతున్నారు, సామాను బిగించే పని ఎవరిది: అన్నీ రాసుకోండి. తర్వాత ఇండియా వెళ్లినప్పుడు హైదరాబాద్ హైటెక్ సిటీలోని ఐకియాలో అవే ప్రశ్నలు వేసుకోండి. 2018 ఆగస్టు 9న తెరిచిన ఆ స్టోర్ దేశంలో మొదటిది. అక్కడ 200 రూపాయల లోపు వస్తువులే వెయ్యి పెట్టారు. రెస్టారెంట్‌లో బిర్యానీ, సమోసా చేర్చారు. స్వీడన్ మీట్‌బాల్స్‌ని గొడ్డుమాంసం, పందిమాంసం లేకుండా కోడిమాంసంతో చేశారు. సామాను సొంతంగా బిగించుకునే అలవాటు మనవాళ్లకు లేదని, ఆ పనికి మనుషుల్ని ఏర్పాటు చేశారు. ఒకే బ్రాండ్ సరుకు అమ్మే దుకాణాల్లో విదేశీ కంపెనీకి నూరు శాతం వాటా ఇచ్చే అనుమతి, దానితో పాటు 30 శాతం సరుకు ఇండియాలోనే కొనాలన్న షరతు 2012లో వచ్చాయి. స్టోర్ తెరవడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో వాళ్లు చేసింది మన ఇళ్లను చదవడం. వంటింట్లో ఎవరు నిలబడతారు, ఏ ఎత్తులో గట్టు కావాలి, పరుపు ఎంత గట్టిగా ఉండాలి అని ఇల్లిల్లూ తిరిగి చూశారు. మీరు యూరప్‌లో చేయాల్సిన పని కూడా సరిగ్గా అదే, వాళ్ల ఇళ్లలో.

అందుకని భాష. ఆస్ట్రేలియాలో స్కూలు నవంబర్‌తో అయిపోతుంది. యూరప్‌లో కోర్సు సెప్టెంబర్‌లో మొదలవుతుంది. మధ్యలో తొమ్మిది నెలల పైచిలుకు చేతిలో ఉంటాయి. ఆ నెలల్ని చాలామంది ఏదో ఒక పార్ట్ టైమ్ ఉద్యోగానికి ఇచ్చేస్తారు. ఉద్యోగం చేయండి, డబ్బు కావాలి. దానితో పాటు వెళ్లబోయే దేశపు భాష కనీసం ఏ2 స్థాయికి, అంటే రోజువారీ చిన్న మాటలు మాట్లాడగలిగే దాకా తెచ్చుకోండి. సిడ్నీలో వూలారాలో గోథే ఇన్‌స్టిట్యూట్ జర్మన్ నేర్పుతుంది, నగరం మధ్యలో అలయన్స్ ఫ్రాన్సేజ్ ఫ్రెంచ్ నేర్పుతుంది. డచ్‌కీ డేనిష్‌కీ ఆన్‌లైన్ పాఠాలు బోలెడున్నాయి. "అక్కడికెళ్లాక నేర్చుకుంటాను" అనే మాటను నమ్మకండి. అక్కడికెళ్లాక మీ ఎదురుగా ఉన్న డచ్ కుర్రాడు మీ తడబాటు చూసి తనే ఇంగ్లిష్‌లోకి మారిపోతాడు, మర్యాదకొద్దీ. ఆ మర్యాదే మీ డచ్‌ని అక్కడికక్కడ ఆపేస్తుంది. ఆగకుండా మాట్లాడేంత పునాది వేసుకుని వెళ్లినవాళ్లకు మాత్రమే ఎదుటివాళ్లు వాళ్ల భాషలో జవాబిస్తారు.

ఇంకో అలవాటు కూడా ఇక్కడే మార్చుకుని వెళ్లాలి. తొంభై తొమ్మిదికి ఒక్కటి తగ్గితే ఇల్లంతా మూగపోయే వాతావరణంలో పెరిగిన పిల్లలు మనవాళ్లు. నెదర్లాండ్స్‌లో మార్కులు పదికి వేస్తారు. 5.5 వస్తే పాస్. 8 వస్తే చాలా బాగా చదివారని అర్థం. 10 అన్నది దాదాపు ఎవరికీ వేయరు. మొదటి సెమిస్టర్‌లో 7 వచ్చిందని ఇంటికి ఫోన్ చేసి ఏడిస్తే, ఇక్కడ అమ్మకు నిద్ర పట్టదు. ఈ సంగతి అమ్మకు ముందే చెప్పి వెళ్లండి. అలాగని తేలికగా తీసుకోవడానికి లేదు. చాలా డచ్ విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది నిర్ణీత క్రెడిట్లు తెచ్చుకోకపోతే ఆ కోర్సు నుంచి పంపించేస్తారు. మార్కు చిన్నదిగా కనబడుతుంది, నియమం గట్టిది.

మాస్ట్రిక్ట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన ఒప్పందం మీద 1992 ఫిబ్రవరి 7న సంతకాలు జరిగిన ఊరు అది. 1976లో మొదలైన అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే పద్ధతే వేరు. పది పదిహేను మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక సమస్య ఇస్తారు. దాన్ని విప్పి, ఏం తెలుసు, ఏం తెలియదు అని విద్యార్థులే తేల్చుకుని, చదివొచ్చి మళ్లీ వాదించుకోవాలి. ట్యూటర్ పక్కన కూర్చుని వింటారు. నోట్స్ చెప్పరు. అక్కడ నోరు తెరవని విద్యార్థి ఎంత చదివొచ్చినా లేనట్టే లెక్క. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని పెంచాం మనం. ఆ పెంపకంలో ఉన్న గౌరవం నాకు ఇష్టం. కానీ ఆ బల్ల దగ్గర "మీ లెక్కతో నేను ఏకీభవించను, కారణం ఇదీ" అనడం అగౌరవం కాదు. అది అక్కడ మీ వంతు పని. ఇంట్లో భోజనాల దగ్గర దీన్ని సాధన చేయనివ్వండి. నాన్నగారి అభిప్రాయాన్ని కారణాలతో కాదనడానికి పిల్లకు అవకాశమివ్వండి. నాన్నగారు అలగకుండా వినడం ఆయన వంతు సాధన.

ఇప్పుడు డబ్బు. మన ఇళ్లలో దీన్ని పిల్లల ముందు మాట్లాడరు. ఇక్కడ తప్పనిసరిగా మాట్లాడాలి.

యూనివర్సిటీ సైటులో మొదట కనబడే ఫీజు చూసి మురిసిపోకండి. నెదర్లాండ్స్‌లో 2025-26కి ఏడాదికి 2,601 యూరోలన్న అంకె యూరోపియన్ యూనియన్ పౌరులకు. ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ ఉన్నా, ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నా మీకు వర్తించేది వేరే ఫీజు, దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ఫీజు తీసుకోవు. నిజమే. అయితే అక్కడ బ్యాచిలర్ కోర్సులు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి. పైగా ఏడాది ఖర్చుకు డబ్బుందని చూపడానికి 11,904 యూరోలు బ్యాంకులో కట్టి ఉంచాలన్నది 2024 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన లెక్క. ఇక్కడ సిడ్నీలో బిజినెస్ డిగ్రీకి ప్రభుత్వ సాయమున్న సీటులో విద్యార్థి వాటా 2025లో ఏడాదికి 16,992 డాలర్ల దాకా ఉంది. తక్కువేం కాదు. కానీ ఆస్ట్రేలియా పౌరులైతే హెక్స్ రుణం మీద చదివి, సంపాదన మొదలయ్యాక తీర్చుకోవచ్చు. విదేశంలో పూర్తి డిగ్రీకి ఆ రుణం రాదు. ప్రతి డాలరూ ఇంటి నుంచి వెళ్లాలి. ఇంటి లోన్ ఇంకా ఇరవై ఏళ్లున్న తల్లిదండ్రులు "నువ్వు వెళ్లమ్మా, మేం చూసుకుంటాం" అనేస్తారు. అనేముందు కాగితం మీద రాసి, పిల్ల ముందు పెట్టండి. వ్యాపారం చదవబోయే పిల్లకు మొదటి బ్యాలెన్స్ షీట్ అదే కావాలి.

పాస్‌పోర్ట్ ఏదన్నది కూడా తేడా తెస్తుంది. ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ ఉంటే నెదర్లాండ్స్ వెళ్లడానికి ప్రవేశ వీసా అక్కర్లేదు, నివాస అనుమతి ఉంటే చాలు. ఇండియా పాస్‌పోర్ట్‌తో శాశ్వత నివాసం మీద ఉన్న కుటుంబాలకు రెండూ కావాలి. హెక్స్ రుణం కూడా వాళ్లకు అందదు. ఇక అక్కడ అద్దె గదులు దొరకడం కష్టం. డచ్ విశ్వవిద్యాలయాలే "గది ఖాయం చేసుకోకుండా రావొద్దు" అని చెబుతున్నాయి. సీట్ల సంఖ్యకు పరిమితి ఉన్న కోర్సులకు జనవరి 15 ఆఖరు తేదీ, అంటే హెచ్ఎస్‌సీ ఫలితాలొచ్చిన నెల రోజులకే. ఇంగ్లిష్ బ్యాచిలర్ కోర్సుల్ని తగ్గించాలన్న చర్చ అక్కడి పార్లమెంటు దాకా వెళ్లింది కాబట్టి, మీరు ఎంచుకున్న కోర్సు మీరు చేరే ఏడాదికి ఏ భాషలో ఉంటుందో యూనివర్సిటీకే రాసి తేల్చుకోండి.

ఇవన్నీ చూశాక నా అభిప్రాయం దాచుకోను. ఏ దేశమో, ఎందుకో స్పష్టంగా తెలిసిన పిల్లలు పూర్తి డిగ్రీకి వెళ్లాలి. యూరప్ అంటే ఇష్టం, ఏ దేశమో ఇంకా తెలియదు అనేవాళ్లకు వేరే దారి మేలు. టల్లవాంగ్‌లో మెట్రో ఎక్కితే మారకుండా మక్వారీ యూనివర్సిటీ స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడో, సిడ్నీలోని ఇంకో యూనివర్సిటీలోనో చేరి, ఒకటి రెండు సెమిస్టర్లు ఎక్స్ఛేంజ్ మీద యూరప్‌లో చదవొచ్చు. దానికి ఓఎస్-హెల్ప్ అనే రుణం ఉంది, అర్హులైన పౌరులకు జీవితకాలంలో రెండుసార్లు. ఎక్స్ఛేంజ్‌కి వెళ్లి దేశం నచ్చితే మాస్టర్స్‌కి తిరిగి వెళ్లొచ్చు. 1988లో మొదలైన సెమ్స్ అనే కూటమి ఒకటుంది. యూరప్‌లోనూ బయటా పేరున్న బిజినెస్ స్కూళ్లు అందులో కలిసి ఒక మాస్టర్స్ నడుపుతాయి, సిడ్నీ యూనివర్సిటీ కూడా సభ్యురాలు. ఆ పట్టా చేతికి రావాలంటే మూడు భాషలు వచ్చి ఉండాలి. ఇంగ్లిష్ ఒక్కటే చాలదని యూరప్ వ్యాపార విద్య తన నియమాల్లోనే రాసుకుంది.

మూడు భాషల మాట వచ్చింది కాబట్టి తెలుగు గురించి. 2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసినవాళ్లు 59 వేల పైన ఉన్నారు. వాళ్ల పిల్లల్లో చాలామంది తెలుగును అమ్మమ్మతో వీడియో కాల్ భాషగానే చూస్తారు. వ్యాపారం చదివేవాళ్లు దాన్ని పనిముట్టుగా చూడాలి. ఒక ఉదాహరణ చాలు. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. 2016లో యూరోపియన్ యూనియన్, ఇండియా నుంచి వచ్చే చెరువు రొయ్యల సరుకులో తనిఖీ చేయాల్సిన వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది, యాంటీబయోటిక్స్ అవశేషాల భయంతో. ఆ డిసెంబర్‌లోనే క్వీన్స్‌లాండ్‌లో లోగన్ నది ఒడ్డున రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చ వ్యాధి బయటపడింది. 2017 జనవరిలో ఆస్ట్రేలియా పచ్చి రొయ్యల దిగుమతులు ఆపేసి, కొన్ని నెలల తర్వాత గట్టి షరతులతో మళ్లీ తెరిచింది. యూరప్ నిబంధనా, ఆస్ట్రేలియా నిబంధనా రెండూ వెళ్లి తగిలింది గోదావరి జిల్లాల చెరువు గట్లకే.

యూరప్‌లో మీ పక్కన కూర్చున్న విద్యార్థి ఈ కథను నివేదికల్లో చదువుతాడు. మీకు భీమవరంలో బాబాయి ఉంటారు, లేదా బాబాయికి తెలిసిన రైతు ఉంటారు. "బాగున్నావా బాబాయ్" తో ఆపేయకండి. ఒక అరగంట అడగండి: తనిఖీలు పెరిగాక ఏ మందులు వాడటం మానేశారు? పరీక్షల ఖర్చు ఎవరి మీద పడింది, రైతు మీదా ఎగుమతిదారు మీదా? సరుకు వెనక్కొస్తే ఆ నష్టం ఎవరు భరించారు? కొనేవాడు ధర తగ్గించినప్పుడు కారణం ఏం చెప్పాడు? ఆయన చెప్పింది తెలుగులోనే రాసుకుని, మర్నాడు ఆ బల్ల దగ్గర ఇంగ్లిష్‌లో చెప్పండి.